క్రొత్త విండోసులో పాత తెలుగు వ్రాతలు

నిజాము కాలపు సేత్వారులను చూచిన పెద్దలు మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో నేటికిని కలరు. ఆ భూమి లెక్కలు ఉర్దూలో నుండెను. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన పిమ్మట క్రమముగా కచ్చేరి భాష మారినది. పాత కాగితములు అబద్ధములు కాలేదు; వానిని చదువగలవారు తగ్గిపోయిరి. కంప్యూటరులలో నున్న మన తెలుగు వ్రాతలకు నిప్పుడట్టి యవస్థయే కలిగినది.

కంప్యూటరునకు పని చెప్పు ఆజ్ఞల సమూహమును ప్రోగ్రామందురు. ప్రోగ్రాములను యంత్రముపై నడపించు నేర్పాటు విండోసు. 1992లో వచ్చిన విండోసు 3.1 నాటి ప్రోగ్రాములు మిక్కిలిగా 16 బిట్లవి. 1995 నుండి 32 బిట్లవి ప్రబలెను. 64 బిట్ల విండోసు 32 బిట్లవానిని నడపును గాని 16 బిట్లవానిని నడపదు. 2021లో వెలువడిన విండోసు 11 నకు 64 బిట్ల రూపము తప్ప వేఱొకటి లేదు.

రెండవ చిక్కు 2007లో జనులకందిన విస్టాతో వచ్చినది. పాత ప్రోగ్రాములు తామున్న ఫోల్డరులోనే లెక్కలు వ్రాసికొనెడివి. విస్టా అందులకు యజమాని యనుజ్ఞ కావలెనని నియమించెను. మూడవది తాళము. కొన్ని ముద్రణ ప్రోగ్రాములు దొంగప్రతులను వారించుటకై, ప్రింటరు తీగె తగిలించు చోట నొక బిళ్లను పెట్టిననే పనిచేసెడివి. క్రొత్త యంత్రములలో సాధారణముగా నా చోటే లేదు.

వీనికి ఉపాయములు లేకపోలేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీ మొదలు, ప్రోగ్రాము గుణములలో ‘కంపాటిబిలిటీ’ యను పుట కలదు. అందు పాత విండోసు పేరు నెన్నుకొన్నచో, క్రొత్తది పాతదానివలె నటించును. యజమాని యధికారముతో నడపుట రెండవ ఉపాయము. ఇవి ఫలింపనిచో యంత్రములో నింకొక మాయాయంత్రమును కల్పించి, అందు పాత విండోసును నిలుపవచ్చును. కాని ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో రక్షణ సవరణలు నిలిచినవి. కావున దానిని ఇంటర్నెటునకు దూరముగా నుంచవలెను.

ఇంతటితో పని ముగియదు. పేజ్‌మేకరు కడపటి కూర్పు 2001 నాటిది. దానియందు ‘అను’, ‘శ్రీలిపి’ మున్నగు లిపులతో శతకములు, స్థలపురాణములు, సంఘముల నివేదికలు ఎన్నియో కూర్చబడినవి. ఆ లిపులలో ఆంగ్లాక్షరాదుల సంఖ్యాస్థానములందు తెలుగు తలకట్లను, గుడులను, వత్తులను ఇమిడ్చిరి. ఒక్కొక్క సంస్థ వరుస యొక్కొక్క రీతి. ఆ లిపి లేని యంత్రమున ఫైలు తెఱచిన, తెలుగునకు బదులు అర్థము లేని ఆంగ్లాక్షరములు కనబడును. దోషము వ్రాతలో లేదు. దానిని చదువు తాళపుచెవి పోయినది.

ప్రపంచ లిపుల కన్నిటికి వేర్వేఱు సంఖ్యలను నిర్ణయించు యూనికోడు 1991లోనే తెలుగునకు స్థానమిచ్చెను. 2001లో ఎక్స్‌పీ ‘గౌతమి’ లిపితో దానిని మన యిండ్లకు తెచ్చినది. పాత లిపులను యూనికోడులోనికి మార్చుటకు నాగార్జున వెన్నగారు ‘పద్మ’ యను సాధనమును నిర్మించిరి. మార్పిడిలో వత్తులు, గుణితములు తారుమారు కావచ్చును గనుక, అచ్చుప్రతితో సరిచూడక తప్పదు.

పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌనుదొర పండితులచేత తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. శిథిలమగు ఆకులను మాత్రమే కాపాడిన చాలదని యాయన యెఱుగును. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకము నేటికిని మన నోట నుండుటకు ప్రతి తరమువారును దానిని తమ కాలపు సాధనమునకు ఎక్కించుకొనుటయే కారణము. పాత ప్రోగ్రామును బ్రతికించుట వ్రాతను వెలికి దీయుటకు మాత్రమే. వ్రాత నిలుచుటకు యూనికోడు ప్రతి కావలెను.

మీ గ్రామమున గ్రంథాలయమునకో, దేవాలయమునకో పాత కంప్యూటరు కలదేని, అది పనిచేయుచుండగనే లిపులను, ఫైలులను రెండు చోట్ల భద్రపఱచుడు. ఆ లిపిలో అక్షరములు కూర్చిన పనివారిని పిలిపింపుడు. ఏ లిపి యేదో వారికి తెలియును. పిల్లలచేత మార్పింపుడు. తప్పులు దిద్దుటకు మాత్రము పద్యము కంఠస్థముగా గల మీరే కూర్చుండవలెను.