కోలారు పసిడి గనులు

కోలారు సీమ పసిడికి పేరుగాంచినది ఇంగ్లీషువారి కాలమున గాదు. అంతకు చాల ముందే. 1802లో మైసూరు రాజ్యపు సరిహద్దులు కొలువవచ్చిన జాన్ వారెన్ అను సైనికోద్యోగి, ఊరిగాం ప్రాంతపు పల్లెవాసులు మట్టిని నీట కడిగి బంగారు రేణువులను వేరుచేయుట చూచి ప్రభుత్వమునకు నివేదించెను. ఆ జిల్లాలో తెలుగు ఇంటిభాషగా గలవారు నేటికిని విస్తారముగా నున్నారు. కావున ఈ కథ తెలుగువారికి పరాయిది గాదు.

1880లో లండను నగరమునందలి జాన్ టేలర్ కంపెనీవారు గనుల నిర్వహణము చేపట్టిరి. 1902లో తొంబదిమైళ్లకు పైగా దూరమున నున్న శివసముద్రమునుండి తీగెలమీద విద్యుచ్ఛక్తి వచ్చెను. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో! నగరమునకంటె మూడేండ్లు ముందుగా గనికి ఆ శక్తి అందినదన్నచో, దొరతనమువారి చూపు దేనిపై నిలిచియుండెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ వెలుగు కూలివాని గుడిసెకు చేరుటకు మాత్రము చాల కాలము పట్టెను. గనిలో దిగినవారిలో పెక్కుమంది ఆర్కాటు సీమలనుండి వచ్చిన తమిళులు. అందును అంటరానివారని సంఘము వెలివేసిన కులములవారు. చిత్తూరు వైపునుండి వచ్చిన తెలుగు కూలీలును గలరు. చాంపియన్ రీఫ్ గని కాలక్రమమున భూమిలోనికి మూడు కిలోమీటర్లకు మించి దిగెను. అంత లోతున రాతివేడిమి 60 డిగ్రీలు దాటును. పైనున్న బరువునకు తాళలేక బండలు ఉన్నట్టుండి ప్రేలి కూలుచుండెడివి. అట్టి ప్రమాదములలో చచ్చినవారి సంగతి వెంటనే తెలియును. రాతిధూళి పీల్చి ఏండ్ల తరబడి క్షీణించినవారి సంగతి తెలియదు. 1947లో వెలువడిన పరిశోధనలో 7,653 మంది పనివారిని పరీక్షింపగా నూటికి 43.7 మందికి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి కనబడెను. కూలీలు నోరులేనివారు మాత్రము గారు. వ్రేలిముద్రలు తీసి పేర్లు నమోదు చేయబూనిన యాజమాన్యమును ధిక్కరించి 1930లో సమ్మె కట్టిరి.

సుమారు నూట ఇరువది సంవత్సరములలో ఈ గనులు 800 టన్నుల పసిడి నిచ్చినవి. పసిడిని గ్రాములలో తూచి లెక్క వ్రాసిరి. దానికై పిండిచేసిన రాతి గతి యేమి? చివరి దినములలో టన్ను రాతికి దక్కినది మూడు నాలుగు గ్రాములే. తక్కిన రాతిపొడిని సయనైడు నీటితో కడిగి, పసిడిని లాగి, మిగిలినదానిని ఊరిప్రక్కనే పోసిరి. అది కోట్ల టన్నులకు పెరిగి గుట్టలై నిలిచినది. జనులు వానిని సయనైడు దిబ్బలని పిలుతురు. గాలి విసరునపుడు ఆ సన్నని ధూళి ఇండ్లలోనికిని, బావులలోనికిని, పొలములమీదికిని పోవును. గనిలో దిగని ఆడువారును, పిల్లలును ఆ ధూళిలో పాలుపంచుకొనిరి. కంపెనీ లాభములలో వారికి పాలు లేదు.

1956లో మైసూరు ప్రభుత్వము గనులను జాతీయము చేసెను. 1962లో అవి కేంద్రప్రభుత్వము చేతికి వచ్చెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడెను. యజమాని మారినను దిబ్బ పెరుగుట ఆగలేదు. ఖర్చునకు తగిన బంగారము దొరకక 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. గని తప్ప వేరొక పని నేర్వని వేలకొలది కుటుంబములు ఉన్నచోటనే నిలిచిపోయినవి. తాతలు గనిలో దిగినచోట మనుమలు తెల్లవారకముందే రైలెక్కి, నూరు కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరునకు కూలికిని కొలువునకును పోవుచున్నారు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట దిబ్బల ప్రక్కనున్న ఆ పాత వరుస ఇండ్లకే తిరిగి వచ్చుచున్నారు.