మొబైల్ వెబ్‌సైట్లు, యాప్‌ల నిర్మాణం: సాధనాలు, ఫ్రేమ్‌వర్క్‌లు, తెలుగు వినియోగదారుల అవసరాలు

ప్రత్యేక వ్యాసం

కరెంటు బిల్లు చెల్లింపు మొదలుకొని ఆదాయ ధ్రువీకరణ పత్రం వరకు అనేక సేవలు నేడు సెల్‌ఫోన్ ద్వారా ప్రజలకు అందుతున్నాయి. గ్రామీణ ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు ఫోనే మొదటి కంప్యూటర్. చాలా సందర్భాల్లో అదొక్కటే కంప్యూటర్. ఈ నేపథ్యంలో ఒక వెబ్‌సైటును లేదా యాప్‌ను ఏ సాధనంతో నిర్మించాలనే నిర్ణయానికి ఎంతో ప్రాధాన్యం ఏర్పడింది. ఖరీదైన ఫోన్, వేగవంతమైన నెట్‌వర్క్ ఉన్నవారికే సేవ అందుతుందా, పాత ఫోన్‌తో బలహీనమైన సిగ్నల్ మధ్య ఉన్న రైతుకు, కూలీకి, వృద్ధులకు కూడా అందుతుందా అన్నది చాలావరకు ఆ నిర్ణయంపైనే ఆధారపడి ఉంటుంది.

తొలి దశ

సెల్‌ఫోన్‌లో ఇంటర్నెట్ సమాచారాన్ని చూపేందుకు ఎరిక్‌సన్, మోటరోలా, నోకియా తదితర సంస్థలు కలిసి 1997లో వ్యాప్ ఫోరమ్‌ను ఏర్పాటు చేశాయి. 1999లో వచ్చిన నోకియా 7110 ఫోన్ ఈ పద్ధతిలో పనిచేసిన తొలి ఫోన్లలో ఒకటి. ఇందుకోసం డబ్ల్యు.ఎం.ఎల్. అనే ప్రత్యేక భాషను రూపొందించారు. సమాచారాన్ని చిన్న చిన్న ‘కార్డులు’గా విభజించి, ఒక్కో కార్డును తెరపై చూపడం దీని విధానం. అదే కాలంలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ చిన్న ఫోన్లకు అనువైన జావాను అందించింది. 2006లో ప్రపంచవ్యాప్తంగా అందుబాటులోకి వచ్చిన ఒపెరా మినీ బ్రౌజర్, పేజీలను ముందుగా తన సర్వర్లలో కుదించి ఆపై ఫోన్‌కు పంపేది. తద్వారా తక్కువ వేగం గల కనెక్షన్‌లో కూడా పేజీలు తెరుచుకునేవి.

2007 జూన్‌లో ఐఫోన్ విడుదలతో పరిస్థితి మారింది. బయటి డెవలపర్లు వెబ్ ద్వారానే అప్లికేషన్లు తయారు చేయాలని ఆపిల్ సంస్థ తొలుత సూచించింది. అనంతరం 2008 మార్చిలో నిర్మాణ సాధనాలను విడుదల చేసి, అదే ఏడాది జూలైలో సుమారు 500 అప్లికేషన్లతో యాప్ స్టోర్‌ను ప్రారంభించింది. 2008లోనే తొలి ఆండ్రాయిడ్ ఫోన్ కూడా మార్కెట్‌లోకి వచ్చింది.

మూడు మార్గాలు

ప్రస్తుతం మొబైల్ సేవల నిర్మాణానికి ప్రధానంగా మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది మొబైల్ వెబ్‌సైటు. కంప్యూటర్‌కు ఒకటి, ఫోన్‌కు మరొకటి చొప్పున రెండు వెబ్‌సైట్లు నిర్వహించే భారాన్ని తప్పిస్తూ, తెర కొలతకు తగినట్లు పేజీ తానే సర్దుకునే ‘రెస్పాన్సివ్’ విధానాన్ని ఎథాన్ మార్కాట్ 2010లో ప్రతిపాదించారు. 2011లో ట్విట్టర్ ఉద్యోగులు విడుదల చేసిన బూట్‌స్ట్రాప్ ఫ్రేమ్‌వర్క్, 2013 నాటి మూడవ వెర్షన్ నుండి చిన్న తెరనే ప్రాతిపదికగా తీసుకుంది. ఫ్రేమ్‌వర్క్ అంటే బటన్లు, ఫారాలు, పట్టికలు వంటి వాటిని ముందుగానే సిద్ధం చేసి ఉంచిన చట్రం. 2015లో ‘ప్రోగ్రెసివ్ వెబ్ యాప్’ అనే భావన రూపుదిద్దుకుంది. ఈ తరహా వెబ్‌సైటు, ఒకసారి తెరచిన పేజీలను ఫోన్‌లోనే భద్రపరచి సిగ్నల్ లేనప్పుడు కూడా చూపగలదు. స్టోర్‌కు వెళ్లకుండానే దీనిని హోమ్ స్క్రీన్‌పై ఉంచుకోవచ్చు.

రెండవది నేటివ్ యాప్, అనగా ఒక్కో తరహా ఫోన్‌కు దాని సొంత సాధనాలతో విడిగా నిర్మించే యాప్. ఐఫోన్ కోసం ఎక్స్‌కోడ్ సాధనాన్ని, 2014లో ప్రకటించిన స్విఫ్ట్ భాషను వాడతారు. ఆండ్రాయిడ్ కోసం ఆండ్రాయిడ్ స్టూడియోను, జావా లేదా కాట్లిన్ భాషను వాడతారు. కాట్లిన్‌కు గూగుల్ 2017లో అధికారిక గుర్తింపు ఇచ్చి, 2019 నుండి ప్రథమ ప్రాధాన్యం కల్పించింది. కెమెరా, జి.పి.ఎస్., వేలిముద్ర వంటి సదుపాయాలను ఈ యాప్‌లు సమర్థవంతంగా వినియోగించుకోగలవు. అయితే ఒకే పనిని రెండుసార్లు చేయవలసి రావడం వల్ల వ్యయం పెరుగుతుంది.

మూడవది ఉమ్మడి నిర్మాణం. ఒకసారి రాసిన ప్రోగ్రామ్‌ను రెండు రకాల ఫోన్లలోనూ నడపడం దీని ఉద్దేశం. 2008లో మొదలైన ఫోన్‌గ్యాప్, వెబ్ పేజీనే యాప్ రూపంలో అందించింది. 2013లో వచ్చిన అయానిక్ అదే బాటలో సాగింది. 2015లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ నేటివ్, తెరపై ఫోన్ సొంత భాగాలనే వాడుతుంది. 2018 డిసెంబరులో తొలి స్థిర వెర్షన్‌గా వెలువడిన గూగుల్ వారి ఫ్లట్టర్, తెరపై ప్రతి భాగాన్నీ తానే చిత్రిస్తుంది.

సాధనాల ఆయుర్దాయం

ఈ రంగంలో సాధనాల జీవితకాలం తక్కువ. ఎందరో ఆధారపడిన ఫోన్‌గ్యాప్‌కు అడోబ్ సంస్థ 2020లో స్వస్తి పలికింది. 2011లో పూర్తి రూపంలో వచ్చిన జె.క్వెరీ మొబైల్ అభివృద్ధి 2021లో నిలిచిపోయింది. మైక్రోసాఫ్ట్ వారి జామరిన్‌కు 2024 మే నెలలో మద్దతు ముగిసింది. భూమి రికార్డులు, పింఛన్లు, ధ్రువీకరణ పత్రాల వంటి సేవలు మాత్రం దశాబ్దాల తరబడి కొనసాగవలసినవి. కనుక సమాచార నిల్వను, దరఖాస్తుల పరిశీలనను తెరపై కనిపించే భాగం నుండి వేరుగా ఉంచడం శ్రేయస్కరం. అప్పుడు ఫ్రేమ్‌వర్క్ మార్చవలసి వచ్చినా పైభాగాన్ని మారిస్తే చాలు, రికార్డుల జోలికి పోనవసరం ఉండదు. ప్రోగ్రామ్ మూల ప్రతి, స్టోర్ ఖాతా కాంట్రాక్టు సంస్థ పేరున కాక శాఖ అధీనంలో ఉండేలా ఒప్పందంలోనే పొందుపరచుకోవడం కూడా అంతే అవసరం.

తెలుగు లిపికి ప్రత్యేక శ్రద్ధ

యూనికోడ్ 1991లో వెలువడిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాల విభాగాన్ని కేటాయించింది. అయినప్పటికీ తొలి తరం స్మార్ట్‌ఫోన్లలో చాలావాటిపై తెలుగు అక్షరాల స్థానంలో ఖాళీ గళ్లు కనిపించేవి. ఇందుకు కారణం లిపి స్వభావంలో ఉంది. ‘స్త్రీ’ అనేది పాఠకునికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘమైన గుడి కలిసిన ఆరు సంకేతాల వరుస. ఈ ఆరింటినీ కలిపి ఒక రూపంగా మలిచే సాఫ్ట్‌వేర్, దానికి తగిన ఫాంట్ రెండూ ఫోన్‌లో ఉన్నప్పుడే అక్షరం సరిగా కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ పనిని హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నిర్వహిస్తోంది.

ఈ మలిచే దశలో లోపం ఉంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన సంకేతాల క్రమంలో పంపినప్పుడు ఐఫోన్‌లోని సందేశాల యాప్‌లు స్తంభించిపోయాయి. అదే నెలలో ఆపిల్ సంస్థ 11.2.6 వెర్షన్ ద్వారా లోపాన్ని సవరించింది. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించి విడుదల చేయడం ఎంత ప్రమాదకరమో ఈ ఘటన చాటిచెప్పింది.

తెలుగు సేవల రూపకర్తలు గమనించవలసిన అంశాలు మరికొన్ని ఉన్నాయి. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోగా, ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. ఒక ఎస్.ఎం.ఎస్.లో ఇంగ్లీషు అక్షరాలు 160 పట్టగా, తెలుగు సంకేతాలు 70 మాత్రమే పడతాయి. ‘స్త్రీ’ ఒక్కటే అందులో ఆరు స్థానాలు తీసుకుంటుంది. పైన గుడులు, కింద వత్తులు తెగిపోకుండా వరుసల మధ్య ఎక్కువ ఎడం ఇవ్వాలి. ఇంగ్లీషు పదాన్ని బట్టి బటన్ వెడల్పును బిగిస్తే తెలుగు మాట అందులో ఇమడదు. ప్రకటనను బొమ్మగా మార్చి పెడితే అంధులు వాడే స్క్రీన్ రీడర్ దానిని చదవలేదు, వెతికినా దొరకదు. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నందున పాత ఫాంట్లను ఆశ్రయించవలసిన అవసరం లేదు.

అందరికీ అందేలా

వేలితో తాకే బటన్ పరిమాణం ఆండ్రాయిడ్‌లో కనీసం 48, ఐఫోన్‌లో కనీసం 44 ప్రమాణాలు ఉండాలని ఆయా సంస్థలు సూచిస్తున్నాయి. వెబ్ అందుబాటు ప్రమాణాల 2.2 వెర్షన్ 2023లో వెలువడింది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో తొలిసారి రూపొందించిన మార్గదర్శకాలను 2023 నాటి మూడవ వెర్షన్‌లో యాప్‌లకు కూడా విస్తరించారు. పౌరుల వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టం చేసింది. కనుక సేవకు అవసరం లేని కాంటాక్టులు, ఫోటోలు, లొకేషన్ వంటి అనుమతులను యాప్ కోరరాదు.

విడుదలకు ముందు కార్యాలయంలోని కొత్త ఫోన్‌లో చూసి సంతృప్తి చెందితే సరిపోదు. నాలుగైదేళ్ల నాటి చౌక ఫోన్‌లో, నెట్‌వర్క్ వేగం తగ్గించి, అక్షరాల సైజు పెంచి, టాక్‌బ్యాక్ ఆన్ చేసి పరీక్షించాలి. ఫారం నింపుతుండగా సిగ్నల్ పోతే అప్పటివరకు రాసిన వివరాలు నిలిచి ఉన్నాయో లేదో సరిచూడాలి. ఒక రోజు కూలి వదులుకొని దరఖాస్తు నింపే వ్యక్తికి ఆ వివరాలు పోవడమంటే ఆ రోజు పోయినట్లే.

తెలుగు రాష్ట్రాల అనుభవం

2001లో జంటనగరాల్లో ఈ-సేవ కేంద్రాలు, 2011లో ఉమ్మడి రాష్ట్రంలో మీసేవ ప్రారంభమైనప్పుడు కంప్యూటర్ ముందు ఆపరేటర్ కూర్చునేవారు. దరఖాస్తుదారుడు నోటితో చెబితే సరిపోయేది. 2017లో కేంద్రం తెచ్చిన ఉమంగ్, 2018లో తెలంగాణ తెచ్చిన టీ యాప్ ఫోలియో వంటి యాప్‌లతో ఆపరేటర్ పని పౌరుని చేతికి వచ్చింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా సేవలను ప్రారంభించింది. కొత్త యాప్ దించుకొని నేర్చుకోవలసిన పని లేకుండా, ప్రజలకు అలవాటైన వేదికనే ఎంచుకోవడం ఇందులోని విశేషం. స్మార్ట్‌ఫోన్ లేనివారి కోసం 2022 మార్చిలో ప్రారంభమైన యు.పి.ఐ. 123పే, మామూలు ఫోన్ నుండి కాల్ ద్వారా కూడా చెల్లింపు సాధ్యమని నిరూపించింది.

ఫారాలు, సమాచారం, చెల్లింపులే ప్రధానమైన సేవకు తేలికైన మొబైల్ వెబ్‌సైటు చాలు. ఫోన్ పరికరాలతో నిరంతరం పని ఉన్నప్పుడే యాప్ అవసరం. ఏ మార్గాన్ని ఎంచుకున్నా కేంద్రాల్లోని ఆపరేటర్ సహాయాన్ని కొనసాగించడం ఆవశ్యకం. సాధనాలు మారుతూనే ఉంటాయి. తన భాషలో, తన చేతిలోని ఫోన్‌తో, ఎవరినీ బతిమాలుకోకుండా పని పూర్తి చేసుకోగలిగిన పౌరుల సంఖ్యే వాటి విజయానికి నిజమైన కొలమానం.