హెడ్మాస్టారి పెన్ను స్టాండు

మన మొదటి బ్యాచీల వారి టి.సి.లు తీసి చూడండి. హెడ్మాస్టారి సంతకం బ్లూ-బ్లాక్ సిరాలో ఉంటుంది. అందులో ఇనుము కలుస్తుంది కనుక రాసినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలాక నల్లబడి కాగితాన్ని పట్టేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు ఉద్దానంలో మా ఇంటి కప్పు లేచిపోయి కాగితాలన్నీ తడిశాయి. నా టి.సి. మీద రబ్బరు స్టాంపు అలుక్కుపోయింది, సంతకం నిలిచింది.

ఆ సంతకాలు పెట్టిన పెన్ను ఎప్పుడు పోయిందో తెలీదు. అటెండరు "నాను ఒచ్చినప్పటికే నేదు బాబూ" అన్నాడు. నల్లరాతి పలక, దాని మీద ఎటైనా తిరిగే గరాటా మాత్రం మిగిలాయి. స్వర్ణోత్సవ ప్రదర్శనకు దానికి తగ్గ పెన్ను వెతికే పని నా మీద పడింది.

"ఏదో ఒకటి పెట్టేద్దురూ" అన్నారు మిత్రులు. పలాసలో కొన్న బాల్ పెన్ను గరాటాలో పడి వాలిపోయింది. మామూలు ఫౌంటెన్ పెన్ను క్యాప్ తీసి పెడితే నిలిచింది గానీ మర్నాటికి పాళీ ఎండింది. ఎందుకంటే ఆ గరాటా సోకుకు పెట్టింది కాదు, అదే పెన్నుకు క్యాప్! సిరాబుడ్డిలో ముంచి రాసే రోజుల్లో కలం ఆనించడానికి ఒక గాడి చాలేది. సిరా కడుపులో నింపుకొనే పెన్నులొచ్చాక గాలి చొరబడని చోటు కావలసివచ్చింది. 1920ల్లో షెఫర్, పార్కర్ వంటి అమెరికా కంపెనీలు ఇలాంటి బల్ల సెట్లు తెచ్చాయి. పెన్ను మెడ గరాటా అంచుకు బిగుతుగా ఆనాలి. వెనక చేతికందేలా పొడవాటి తోక. ఒక కంపెనీ గరాటాలో ఇంకో కంపెనీ పెన్ను సరిగా కూర్చోదు. మన స్టాండు మీద పేరే లేదు.

అందుకే రాజమండ్రి గుర్తొచ్చింది. 1932లో అక్కడ కె.వి.రత్నం గారు పెన్నుల తయారీ మొదలుపెట్టారు. 1935లో ఆయన పెన్ను వాడి చూసి గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. (అప్పటికి మన టెక్కలి ఇంకా గంజాం జిల్లాలోనే ఉంది.) గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరును ఎబొనైటు అంటారు. ఆ కడ్డీని లేతు మీద తిప్పి, అడిగిన కొలతకు పెన్ను చేసేవాళ్లు ఆ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు.

కొలత పంపమన్నారు. గరాటా లోపలి వాలు స్కేలుకు దొరకదు. పెన్సిలుకు మైనం చుట్టి అచ్చు తీశాను గానీ ఎండకు మెత్తబడింది. చివరకు స్టాండునే సంచీలో పెట్టుకుని పలాసలో రైలెక్కాను. పనివాడాయన మైనం వంక చూడనైనా లేదు. మెడను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతిసారీ గరాటాలో పెట్టి, తోక పట్టుకుని పైకెత్తి చూశాడు. మూడోసారి పెన్నుతోపాటు రాతి పలక కూడా బల్ల మీంచి కాస్త లేచింది. "ఇంక చాలు" అన్నాడు.

వారం ఊరుకుని రాసి చూశాను, మొదటి గీతకే సిరా పడింది. బ్లూ-బ్లాక్ సిరా స్టీలు పాళీని తినేస్తుంది కాబట్టి నెలకోసారి నీళ్లతో కడగాలి. ప్రదర్శనలో ఎవరైనా రాసి చూడవచ్చు. తిరిగి పెట్టేటప్పుడు మాత్రం కొంచెం నొక్కి పెట్టండి.