రోగి సభ్యుడైన ఇల్లు

క్లబ్‌హౌస్ అనగానే నేటి తెలుగు పాఠకులకు అపార్ట్‌మెంట్ల ఆవరణలో ఈతకొలను పక్కనుండే భవనం స్ఫురించవచ్చు గాని, మానసిక ఆరోగ్య చరిత్రలో ఆ మాటకు అర్థం వేరు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్ర వ్యాధులున్న పెద్దలు రోగులుగా కాక సభ్యులుగా చేరి, సిబ్బందితో కలిసి తామే నడుపుకొనే పగటి కేంద్రాన్ని ఈ రంగంలో క్లబ్‌హౌస్ అంటారు. దీనికి మాతృక న్యూయార్క్‌లోని ఫౌంటెన్ హౌస్.

1940లలో రాక్‌లాండ్ రాష్ట్ర మానసిక వైద్యశాలలో పరిచయమైన కొందరు రోగులు, విడుదలయ్యాక కూడా ఒకరికొకరు దూరం కాకూడదని, ‘మనం ఒంటరివాళ్లం కాము’ అనే అర్థం వచ్చే పేరుతో సంఘం కట్టుకొని, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ మెట్ల మీద కలుసుకునేవారు. 1948లో దాతల తోడ్పాటుతో 47వ వీధిలో వారికి ఒక ఇల్లు అమరింది. పెరట్లో ఫౌంటెన్ ఉండటం వల్ల దానికి ఆ పేరే స్థిరపడింది.

1955లో సంచాలకుడిగా వచ్చిన వృత్తిరీత్యా సోషల్ వర్కర్ అయిన జాన్ బియర్డ్ ఆ స్నేహబృందానికి పని అనే వెన్నెముకను ఇచ్చాడు. అప్పటికి అమెరికా రాష్ట్ర మానసిక వైద్యశాలల్లో సుమారు 5,59,000 మంది ఉండేవారు; కొత్తగా వాడుకలోకి వచ్చిన క్లోర్‌ప్రొమజీన్ మందు భ్రమలను, ఉద్రేకాన్ని అణచగలిగింది గాని, బయటికి వచ్చిన మనిషి పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో చెప్పలేకపోయింది. ఫౌంటెన్ హౌస్‌లో ఆ మనిషికి కూరగాయలు తరగడమో, ఫోన్ అందుకోవడమో, హాజరు లెక్క రాయడమో ఉండేది. ఉద్యోగుల సంఖ్యను కావాలనే తక్కువగా ఉంచడం ఈ పద్ధతిలోని అసలు కిటుకు: సభ్యులు చెయ్యి వేయకపోతే మధ్యాహ్నం భోజనం సిద్ధం కాదు, కాబట్టి వారి అవసరం అక్కడ నటన కాదు. రాని సభ్యుడికి కబురు పెట్టడం కూడా రోజువారీ పనుల్లో ఒకటి.

బయటి కొలువుల విషయంలో బియర్డ్ చేసిన ఏర్పాటు మరింత సాహసోపేతమైనది. ‘తాత్కాలిక ఉపాధి’ అనదగిన ఈ పద్ధతిలో యజమాని కొలువును వ్యక్తికి కాక క్లబ్‌హౌస్‌కు ఇస్తాడు. సిబ్బందిలో ఒకరు ముందుగా ఆ పని నేర్చుకొని సభ్యుడికి నేర్పుతారు. అతడు రాలేని రోజున వారే వెళ్లి ఆ స్థానంలో నిలబడతారు. సభ్యుడు ఆరు నుంచి తొమ్మిది నెలలు పూటపనిగా చేసి, యజమాని చేతుల మీదుగానే అందరితో సమానమైన జీతం తీసుకొని, ఆ చోటును మరొకరికి వదులుతాడు. ఇందులో దయ కన్నా లెక్క ఎక్కువ. బహుశా అందుకే నిలిచింది.

రోగులు మొదలుపెట్టిన ఇంటికి కీర్తి మాత్రం వృత్తి నిపుణుడి పేరు మీదుగా రావడం ఈ చరిత్రలో కొంత విడ్డూరమే. ఆ కీర్తి దేశం దాటి, 1971లో లాహోర్‌లో ఫౌంటెన్ హౌస్ పేరుతోనే మరొక కేంద్రం వెలిసింది. అనంతరం ఇలాంటివి అనేక దేశాల్లో పెరగడంతో 1989లో ఉమ్మడి ప్రమాణాలు రాసుకున్నారు: సిబ్బందికి మాత్రమే పరిమితమైన గది గాని సమావేశం గాని ఉండరాదు, సభ్యత్వానికి గడువు లేదు, ఎంతకాలం కనిపించకుండా పోయిన సభ్యుడైనా వచ్చిన రోజునే మళ్లీ పనిలో చేరవచ్చు.