తగ్గని నొప్పికి మందు ఒక్కటే చాలదు: మానసిక, బహుశాఖా చికిత్సల తీరుతెన్నులు

దెబ్బ తగిలితే నొప్పి పుడుతుంది. గాయం మానితే పోతుంది. కానీ గాయం మానిన తరువాత కూడా నెలలు, సంవత్సరాల తరబడి వేధించే నొప్పి మరొకటి ఉంది. స్కానింగులో దానికి కారణం కనిపించకపోవచ్చు. కనిపించినా, ఆ కారణానికీ రోగి అనుభవించే బాధకూ పొంతన కుదరకపోవచ్చు. మాత్రలు మారుతాయి, వైద్యులు మారుతారు, చివరకు ‘అంతా మీ మనసులోనే ఉంది’ అన్న మాట వినవలసి వస్తుంది. ఆ మాట రోగిని నొప్పించడమే కాక, శాస్త్రరీత్యా కూడా తప్పు. దీర్ఘకాలిక నొప్పికి మానసిక చికిత్స సూచించినంత మాత్రాన ఆ నొప్పి కల్పితమని అర్థం కాదు. నొప్పిని నిలిపి ఉంచే కారణాలలో కొన్ని ఆ చికిత్సకు లొంగుతాయన్నదే దాని ఆధారం.

నిర్వచనం ఏమి చెబుతోంది?

మూడు నెలలకు మించి కొనసాగే, లేదా మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తారు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979 నాటి తన నిర్వచనాన్ని 2020లో సవరించింది. కణజాలానికి జరిగిన లేదా జరగగల హానితో ముడిపడిన, లేదా అటువంటి హానిని పోలిన అప్రియమైన ఇంద్రియానుభవం, భావోద్వేగానుభవం నొప్పి అన్నది ఆ నిర్వచన సారాంశం. నొప్పి ఉందని ఒక వ్యక్తి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలని కూడా సంఘం జతచేసింది. శరీరాన్నీ మనసునూ కలిపి చూసే ఈ భావన తెలుగు నుడికి కొత్త కాదు. ఒళ్ళు నొస్తుంది, మనసు నొచ్చుకుంటుంది. రెండింటికీ ధాతువు ఒక్కటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. క్యాన్సర్, శస్త్రచికిత్స, నరాల దెబ్బ, కీళ్ళవాతం వంటి వాటివల్ల కలిగే దీర్ఘకాలిక నొప్పులతో పాటు, నొప్పే స్వయంగా ఒక వ్యాధిగా నిలిచే స్థితిని అది ‘ప్రాథమిక దీర్ఘకాలిక నొప్పి’ పేరిట గుర్తించింది. ఒళ్ళంతా నొప్పులతో బాధించే ఫైబ్రోమయాల్జియా ఈ కోవలోనిదే.

నొప్పి ఎందుకు నిలిచిపోతుంది?

1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతం ఈ విషయంలో మలుపు తెచ్చింది. గాయం నుంచి బయలుదేరిన సంకేతాలు వెన్నుపాములో ఒక రకమైన ద్వారాన్ని దాటవలసి ఉంటుందని, మెదడు నుంచి దిగివచ్చే సంకేతాలు కూడా ఆ ద్వారాన్ని కొంత తెరవగలవు లేదా మూయగలవని వారు వాదించారు. సిద్ధాంతంలోని కొన్ని వివరాలు తరువాత మారినా, భయం, ఏకాగ్రత, నిరీక్షణ వంటివి నొప్పి తీవ్రతను మార్చగలవన్న మూలసూత్రం నిలబడింది.

నొప్పి ఎక్కువ కాలం కొనసాగితే నాడీవ్యవస్థ అతి సున్నితంగా మారుతుంది. అప్పుడు మామూలు కదలిక, తేలికపాటి ఒత్తిడి కూడా నొప్పిగా తోస్తాయి. దీనికి భయం తోడవుతుంది. వంగితే నడుము పాడవుతుందని భయపడినవారు వంగడం మానేస్తారు. కదలిక తగ్గి కండరాలు బలహీనపడతాయి, నిద్ర చెడుతుంది, పని, స్నేహాలు దూరమవుతాయి, దిగులు పెరుగుతుంది. ఫలితంగా నొప్పి మరింత బలపడుతుంది. ఈ వలయంలో ఎక్కడో ఒకచోట అడ్డుపడటమే మానసిక చికిత్సల లక్ష్యం.

సియాటిల్‌లో మొదలైన మార్పు

బహుశాఖా చికిత్సకు ఆద్యుడిగా పేరొందిన జాన్ బోనికా ఇటలీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మత్తు వైద్య నిపుణుడు. చదువు ఖర్చుల కోసం కుస్తీలు పట్టిన ఆయన, ఆ దెబ్బల ఫలితంగా జీవితాంతం తానే నొప్పితో బాధపడ్డారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనిక ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, జటిలమైన నొప్పులను ఏ ఒక్క వైద్యశాఖా ఒంటరిగా నయం చేయలేదని గ్రహించారు. 1953లో నొప్పి నివారణపై బృహద్గ్రంథం వెలువరించారు. 1960లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, అనేక శాఖల నిపుణులు ఒకే రోగిని కలిసి పరిశీలించే క్లినిక్కును నెలకొల్పారు.

అదే విశ్వవిద్యాలయానికి చెందిన మనోవైజ్ఞానికుడు విల్బర్ట్ ఫోర్డైస్ ఆలోచనను మరో అడుగు ముందుకు తీసుకువెళ్ళారు. నొప్పి వచ్చినప్పుడు మాత్ర వేసుకోవడం, నొప్పి పెరిగే వరకు పనిచేసి ఆపైన పడుకోవడం అనే అలవాట్లు నొప్పినే బలపరుస్తాయని ఆయన గుర్తించారు. అందుచేత మందును నొప్పిని బట్టి కాక గడియారాన్ని బట్టి ఇచ్చి, క్రమంగా మోతాదు తగ్గించారు. వ్యాయామానికి ముందే ఒక పరిమితి నిర్ణయించి, దానిని మెల్లగా పెంచారు. మూలుగుకు కాక పురోగతికి స్పందించాలని కుటుంబ సభ్యులకు నేర్పారు.

ఏయే చికిత్సలు ఉన్నాయి?

అన్నింటికంటే ఎక్కువగా పరిశోధనకు వచ్చినది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ‘ఈ నొప్పి ఎన్నటికీ పోదు, నా బతుకు ఇంతే’ వంటి ఆలోచనలను పట్టుకుని పరీక్షించడం, భయంతో మానేసిన పనులను మెట్టుమెట్టుగా మళ్ళీ మొదలుపెట్టడం ఇందులో ముఖ్యం. పనిని విభజించుకోవడం కూడా నేర్పుతారు. ఒంట్లో బాగున్న రోజున ఇల్లంతా సర్ది, తరువాత రెండు రోజులు మంచం పట్టే బదులు, రోజూ కొంత పని, కొంత విశ్రాంతి అనే లెక్క పాటించడం అలవాటవుతుంది.

యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ నొప్పితో పెనుగులాటను తగ్గించి, తనకు విలువైన పనులవైపు కదలడాన్ని నేర్పుతుంది. 1979లో జాన్ కబాట్ జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆరంభించిన మైండ్‌ఫుల్‌నెస్ కార్యక్రమానికి మొదట్లో వచ్చినవారిలో దీర్ఘకాలిక నొప్పి బాధితులు ఎందరో ఉన్నారు.

బహుశాఖా చికిత్సలో వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, నర్సు, అవసరమైతే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒకే ప్రణాళిక ప్రకారం పనిచేస్తారు. నలుగురు నిపుణుల వద్దకు విడివిడిగా పంపితే అది బహుశాఖా చికిత్స అనిపించుకోదు. కదలమని ఒకరు, కదలవద్దని మరొకరు చెప్పే పరిస్థితి లేకుండా చూడటమే దాని ప్రయోజనం.

ఫలితాలు ఎంత?

ఫలితాల గురించి అతిశయోక్తులు పనికిరావు. 2020లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 75 అధ్యయనాలను, 9,401 మంది వివరాలను పరిశీలించింది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ వల్ల నొప్పి, అశక్తత, మానసిక క్లేశం తగ్గుతాయని, అయితే ఆ తగ్గుదల స్వల్పమని తేల్చింది. దీర్ఘకాలిక నడుమునొప్పికి బహుశాఖా పునరావాసంపై 41 అధ్యయనాలను పరిశీలించిన మరో కోక్రేన్ సమీక్ష, సాధారణ చికిత్స కంటే అది నొప్పినీ అశక్తతనూ మెరుగ్గా తగ్గిస్తుందని పేర్కొంది.

ఇంతకంటే ఆశాజనకమైన ఫలితం అమెరికాలోని కొలరాడోలో 151 మందిపై జరిపిన ప్రయోగంలో కనిపించింది. తమ నడుమునొప్పి ప్రమాద సూచిక కాదని గ్రహించేలా నాలుగు వారాలు శిక్షణ పొందినవారిలో 66 శాతం మందికి నొప్పి పూర్తిగా లేదా దాదాపుగా పోయింది. ఉత్తుత్తి మందు పొందినవారిలో ఇది 20 శాతం, సాధారణ చికిత్సలో ఉన్నవారిలో 10 శాతం మాత్రమే. అయితే ఇది ఒకే ప్రాంతంలో, ఎక్కువగా మధ్యస్థమైన నొప్పి ఉన్నవారిపై జరిగిన ప్రయోగమని గుర్తుంచుకోవాలి.

బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2021లో ప్రాథమిక దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామాన్ని, మానసిక చికిత్సలను సూచిస్తూ, ఓపియాయిడ్లను, పారాసిటమాల్‌ను కొత్తగా మొదలుపెట్టవద్దని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో నడుమునొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వ్యాయామం, అవగాహన, మానసిక చికిత్సలకు చోటిచ్చి, ఓపియాయిడ్ల వాడకాన్ని వారించాయి.

అమెరికా అనుభవం, భారత్ అవసరం

ఇంత ఆధారమున్నా ఈ చికిత్స అందరికీ చేరలేదు. అమెరికాలో బీమా సంస్థలు వారాల తరబడి సాగే బృంద చికిత్సకు కాక, విడివిడి ఇంజెక్షన్లకు, శస్త్రచికిత్సలకు చెల్లించడానికి మొగ్గు చూపడంతో 1990ల చివరి నుంచి అనేక కేంద్రాలు మూతపడ్డాయి. 1996లో ఆక్సీకాంటిన్ మార్కెట్లోకి వచ్చాక ఓపియాయిడ్ మాత్రల వాడకం విపరీతంగా పెరిగి, ప్రాణనష్టానికి దారితీసింది.

భారతదేశంలో సమస్య వేరు. లక్ష జనాభాకు 0.75 మంది మానసిక వైద్యులే ఉన్నారని 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ప్రస్తావించింది. క్లినికల్ సైకాలజిస్టుల కొరత కూడా తీవ్రంగానే ఉంది. మరోవైపు, క్యాన్సర్ వంటి వ్యాధుల్లో మార్ఫిన్ అవసరమైనవారికి అది అందేలా మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించవలసి వచ్చింది. మానసిక చికిత్స అటువంటి మందులకు ప్రత్యామ్నాయం కాదు; వాటికి తోడు మాత్రమే.

పూర్తి బృందం లేనిచోట, ఒక వైద్యుడు బాధ్యత తీసుకుని ఫిజియోథెరపిస్టుతోనూ కౌన్సెలర్‌తోనూ మాట్లాడి ఒకే మాట చెప్పించగలిగినా కొంత మేలు జరుగుతుంది. నొప్పితో పాటు తీవ్రమైన దిగులు, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే 14416 నంబరులో టెలీ మానస్ సేవలు ఉచితంగా లభిస్తాయి. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాళ్ళలో బలం తగ్గడం, మలమూత్రాలపై అదుపు తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుని సంప్రదించాలి.

ఈ చికిత్సలో పురోగతిని పదికి ఎన్ని మార్కుల నొప్పి అన్న లెక్క ఒక్కదానితోనే కొలవరు. గత నెలలో నడవలేని దూరం ఈ నెలలో నడిచారా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, మానేసిన పనిలో ఏది తిరిగి మొదలుపెట్టారు అన్నవి కూడా అడుగుతారు. నొప్పి పూర్తిగా పోకపోయినా, ఈ జవాబులు మారుతున్నాయంటే చికిత్స పనిచేస్తున్నట్లే.