విమానమైనా.. పంచాయతీ ఆఫీసైనా.. జనం సొమ్ముతో రంగులు మారిస్తే? తెలుసుకోవాల్సిన విషయాలివే

షాద్‌నగర్: దేశాధినేత తిరిగే విమానానికి కొత్త రంగు వేయాలంటే కోట్లు కావాలి. ఊళ్లో పంచాయతీ ఆఫీసుకు అంత అక్కర్లేదు. లెక్కలో తేడా ఎంతున్నా ప్రశ్న మాత్రం ఒక్కటే.. ఆ రంగు ప్రభుత్వం కోసమా? అధికారంలో ఉన్న వాళ్ల కోసమా? బ్రిటన్‌లో ఈ ప్రశ్న ఓ విమానం మీద వచ్చింది. మన పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాల మీద వచ్చి, ఏకంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వివరాలు, మన దగ్గర ఇలాంటి ఖర్చు లెక్క ఎలా అడగాలో ఇప్పుడు చూద్దాం.

బ్రిటన్‌లో విమానం రచ్చ

బ్రిటన్ ప్రధాని, రాజకుటుంబం వాడే ఆర్ఏఎఫ్ వాయేజర్ విమానం బూడిద రంగులో ఉండేది. ఇది వైమానిక దళానిది. గాల్లోనే వేరే విమానాలకు ఇంధనం నింపే పని కూడా చేస్తుంది. 2020 జూన్‌లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం దీనికి తెల్ల రంగు వేయించి, తోక మీద జాతీయ జెండా గీయించింది. ఖర్చు దాదాపు 9 లక్షల పౌండ్లు. అప్పటి రేటు ప్రకారం మన లెక్కలో 8 కోట్ల రూపాయలకు పైమాటే. కరోనాతో జనం అల్లాడుతున్న టైంలో ఇదేం ఖర్చు అంటూ ప్రతిపక్షాలు మండిపడ్డాయి. విదేశాల్లో దేశానికి మంచి గుర్తింపు వస్తుందని ప్రభుత్వం సమర్థించుకుంది.

విమానానికి రంగంటే అంత ఖర్చెందుకు?

గోడకు సున్నం కొట్టినట్టు కాదిది. పాత రంగును పూర్తిగా తీసేయాలి. తుప్పు పట్టకుండా ప్రైమర్ వేయాలి. ఆ తర్వాతే కొత్త కోటింగ్. పెద్ద విమానం మీద రంగు బరువే వందల కిలోలు ఉంటుంది. పని అయ్యేదాకా విమానం షెడ్డులోనే ఉండాలి. కొన్నేళ్లకోసారి రంగు వేయడం మెయింటెనెన్స్‌లో భాగమే కాబట్టి దాన్ని దుబారా అనలేం. టైం రాకముందే, కేవలం లుక్ కోసం మారిస్తేనే ప్రశ్నలొస్తాయి.

అమెరికాలో ఇంకో సమస్య వచ్చింది. కెన్నెడీ కాలం నుంచి, అంటే 1962 నుంచి ఎయిర్‌ఫోర్స్ వన్‌ది లేత నీలం, తెలుపు డిజైన్. కొత్తగా వచ్చే విమానాలకు ఎరుపు, తెలుపు, ముదురు నీలం వేయాలని ట్రంప్ తన మొదటి టర్మ్‌లో ప్లాన్ చేశారు. ముదురు రంగు వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది. దాంతో కొన్ని పరికరాలకు అదనపు పరీక్షలు అవసరమై ఖర్చు పెరుగుతుందని తేలడంతో 2022లో బైడెన్ ప్రభుత్వం ఆ డిజైన్‌ను పక్కన పెట్టింది.

మన దేశంలో రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధాని కోసం తెచ్చిన రెండు బోయింగ్ 777 విమానాల్లో మొదటిది 2020 అక్టోబర్ 1న ఢిల్లీలో దిగింది. దాని మీద ‘భారత్’ అనే పేరు, అశోక చిహ్నం, తోక మీద జాతీయ జెండా ఉన్నాయి. అవి దేశం గుర్తులు, పార్టీ గుర్తులు కావు. అసలు తేడా ఇక్కడే ఉంది.

ఏపీలో ఏం జరిగింది?

2019 ఆగస్టులో వైసీపీ ప్రభుత్వం పంచాయతీ భవనాలకు రంగులు వేయాలని ఆదేశాలిచ్చింది. నీలం, ఆకుపచ్చ, తెలుపు.. అచ్చం పార్టీ జెండాలాగే ఉన్నాయంటూ గుంటూరు జిల్లాకు చెందిన ఒకరు హైకోర్టుకు వెళ్లారు. ఆ తర్వాత కేసు ఇలా నడిచింది.

• 2020 మార్చి 10: ఆ ఆదేశాలను హైకోర్టు కొట్టేసింది. ఏ పార్టీతోనూ సంబంధం లేని రంగులు వేయాలని చెప్పింది. 10 రోజుల గడువు ఇచ్చింది.

• మార్చి 23: సుప్రీంకోర్టుకు వెళ్లినా ప్రభుత్వానికి ఊరట దక్కలేదు.

• ఏప్రిల్ 23: ప్రభుత్వం జీవో 623 తెచ్చింది. ఉన్న మూడు రంగులకు ఎర్రమట్టి రంగు జోడించింది. మట్టికి ఎర్రమట్టి రంగు, పంటలకు ఆకుపచ్చ, ఆక్వాకు నీలం, పాలకు తెలుపు అని వివరణ ఇచ్చింది.

• మే 22: హైకోర్టు ఆ జీవోను కూడా కొట్టేసింది.

• జూన్ 3: నాలుగు వారాల్లో రంగులు తీసేయాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

చివరికి జరిగిందేంటి? వేయడానికి ఒక ఖర్చు, తీసి మళ్లీ వేయడానికి ఇంకో ఖర్చు. ఒకే గోడకు రెండు బిల్లులు. ఏ రంగైనా డబ్బు మాత్రం జనానిదే.

షాద్‌నగర్‌లో ఖర్చు లెక్క ఎలా అడగాలి?

షాద్‌నగర్ మున్సిపాలిటీ అయినా, ఫరూఖ్‌నగర్ మండలంలోని ఏ గ్రామ పంచాయతీ అయినా, ఆఫీసుకు వేసిన రంగుల ఖర్చు అడిగే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద రాసిచ్చినా చాలు.

• ఫీజు: గ్రామ స్థాయి ఆఫీసుల్లో ఏమీ లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. మున్సిపాలిటీ సహా మిగతా ఆఫీసుల్లో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు.

• ఏం అడగాలి: పని అంచనా, తీర్మానం కాపీ, ఎం-బుక్ నకలు, చెల్లించిన బిల్లులు, ఏ నిధుల నుంచి ఖర్చు పెట్టారన్న వివరం. అంతకుముందు రంగు ఎప్పుడు వేశారో కూడా అడిగితే, ఆ పని అవసరమా కాదా అన్నది తేలిపోతుంది.

• ఎప్పటిలోగా: 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీల్ చేయాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు.

దరఖాస్తు ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. 30 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.