కంప్యూటర్‌తో పాటే లేచే ప్రోగ్రాములు: ఏవి ఆపాలి, ఏవి ఉంచాలి?

పిల్లల ఆన్‌లైన్ తెలుగు క్లాసు పది గంటలకైతే, తొమ్మిదిన్నరకే లాప్‌టాప్ ఆన్ చేసి ఎదురుచూసే ఇళ్లు చాలానే ఉన్నాయి. కొత్తది కొనాలనుకునే ముందు స్టార్టప్ జాబితా ఒకసారి చూడండి. మనం ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన చాట్, మ్యూజిక్, గేమ్ ప్రోగ్రాములు చాలావరకు అందులో తమంతట తామే చేరిపోతాయి. మనం తెరవకపోయినా లేచి మెమరీలో కూర్చుంటాయి.

విండోస్ 10, 11లలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో 'స్టార్టప్' లేదా 'స్టార్టప్ యాప్స్' అన్నచోటికి వెళ్లండి. 'స్టార్టప్ ఇంపాక్ట్' కింద 'హై' అని ఉన్నవే ముందుగా చూడాల్సినవి. మొదలయ్యేటప్పుడు ఒక సెకనుకు మించి ప్రాసెసర్ సమయం తీసుకున్నా, డిస్కు మీద 3 ఎంబీకి మించి పని చేసినా విండోస్ ఆ ముద్ర వేస్తుంది. పేరు మీద రైట్ క్లిక్ చేసి 'డిసేబుల్' అనండి. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు, కావాల్సినప్పుడు మనమే తెరుచుకోవచ్చు. మాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్, అందులో లాగిన్ ఐటమ్స్.

చాట్, గేమ్ ప్రోగ్రాములను నిశ్చింతగా ఆపొచ్చు. ప్రింటర్ కంపెనీల సహాయక ప్రోగ్రాముల మీద నాకైతే జాలి లేదు, మామూలు ప్రింటింగుకు వాటి అవసరం సాధారణంగా ఉండదు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటి వాటి దగ్గర మాత్రం ఆగండి. వాటిని ఆపితే కంప్యూటర్ కాస్త తేలికపడుతుంది గానీ, మళ్లీ మీరు తెరిచేదాకా కొత్త ఫొటోలు క్లౌడ్‌కు చేరవు. ఈలోగా డిస్కు పాడైతే పాప అన్నప్రాశన ఫొటోలు దానితోపాటే పోతాయి. టచ్‌ప్యాడ్, సౌండ్ పేర్లున్నవీ, ఏమిటో తెలియనివీ కదిలించకండి. తెలియని పేరు మీద రైట్ క్లిక్ చేస్తే ఆన్‌లైన్‌లో వెతికే సదుపాయం అక్కడే ఉంది.

ఊళ్లో అమ్మానాన్నల దగ్గర వదిలి వచ్చిన పాత లాప్‌టాప్‌లో ఈ జాబితా మరీ ముఖ్యం. ఈసారి వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించమని అడగండి. బ్యాంకు నుంచనో, కస్టమర్ కేర్ నుంచనో ఫోన్ చేసే మోసగాళ్లు దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం పెట్టిస్తారు. కాల్ అయిపోయినా అది అలాగే ఉండి, ఆన్ చేసిన ప్రతిసారీ లేవొచ్చు. మీరు పెట్టనిది అలాంటిది కనిపిస్తే డిసేబుల్ సరిపోదు. ముందు ఇంటర్నెట్ ఆపించి, దాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయించండి. కొన్ని ఈ జాబితాలో కనిపించకుండానే పనిచేస్తాయి కాబట్టి ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితా కూడా చదివించండి. బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్పించండి. డబ్బు పోయినట్టు తెలిస్తే అమ్మానాన్నల చేతే వెంటనే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయించండి.